చల్లటి ఎలుక పాముకి ఆనదు

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఎలుకను పెంపుడు పాము చేత తినిపించడం ఎలా? అమెరికాలో మన పిల్లలు పడుతున్న ఈ తంటా వెనక పాము ఒంటి లెక్కంతా ఉంది. మున్నేటి గట్టున పుట్టలో పాలు పోసే మనకూ అందులో పనికొచ్చే సంగతులున్నాయి.

టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో అని ఒక ఊరుంది. హనుమంతుడి గుడి, ఇడ్లీ హోటళ్ళు, వీధికి నాలుగు తెలుగిళ్ళు. కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండొద్దామని పెనుగంచిప్రోలు నుంచి వెళ్ళిన మా పెద్దమ్మ, దిగిన వారంలోపే నాకు ఫోన్ చేసింది. “ఎలకల్ని ఫ్రిజ్జులో దాచుకునే కొంప ఎక్కడన్నా చూశావంట్రా అబ్బాయ్? పై అరలో నేను తెచ్చిన గోంగూర పచ్చడి, కింద అరలో కవర్లో మూటగట్టిన తెల్లెలకలు! మీ అన్నయ్యకి చెబితే నవ్వుతున్నాడు.”

ఆ ఎలుకలు మనవరాలి పాము కోసం. పాము పేరు బుజ్జి, జాతి బాల్ పైథాన్. పడమటి ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి నేలల్లో పుట్టే పొట్టి కొండచిలువ ఇది. ఎంత ఎదిగినా మూడు నుంచి ఐదు అడుగులు. విషం లేదు. బెదిరితే కాటెయ్యడం కంటే తల లోపలికి పెట్టుకుని బంతిలా చుట్టుకుపోవడమే ఎక్కువ, ఆ పేరు అందుకే. చక్కగా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దానికి 62 ఏళ్ళని జూవాళ్ళ లెక్క. మగతోడు లేక పదిహేనేళ్ళు దాటింది కూడా. పాముని కొనిపెట్టమని మారాం చేసే పిల్లలకు తల్లిదండ్రులు ముందు చెప్పాల్సింది ఈ ఆయుష్షు సంగతే. కాలేజీకి పిల్ల వెళ్ళిపోతుంది, పాము మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

సమస్య తిండి దగ్గర వచ్చింది. అమ్మినవాడి దగ్గర బుజ్జి బతికున్న చిట్టెలుకల్ని తిని పెరిగింది. అన్నయ్య వాళ్ళింట్లో గడ్డకట్టినవి కరిగించి పెడితే మూతి తిప్పుకుంటోంది. మా చుట్టాల్లో పాముల పిచ్చి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పెద్దమ్మ చేతిలో ఫోన్ ఆ పిల్ల లాక్కుంది. “బాబాయ్, అది ఏమీ తినట్లేదు. చచ్చిపోతుందా?”

చచ్చిపోదు. పాము ఆకలిని మన ఆకలితో కొలవకూడదు. మనం తిన్నదాంట్లో, కోడి తిన్నదాంట్లో, ఎలుక తిన్నదాంట్లో పెద్ద వాటా ఒంటిని వెచ్చగా ఉంచడానికే ఖర్చయిపోతుంది. పూటపూటా తినాల్సి రావడం అందుకే. పాముకి ఆ ఖర్చు లేదు. ఎండ నుంచో, కాగిన రాయి నుంచో, పెంపుడుదైతే పెట్టె కింద పరిచిన హీటింగ్ మ్యాట్ నుంచో వెచ్చదనం తెచ్చుకుంటుంది. ఎదిగిన బాల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు. జతకట్టే కాలంలో మగవి తిండి వైపే చూడవు. తిన్నప్పుడు మాత్రం ఒళ్ళంతా అదే పని మీద ఉంటుంది. బర్మా కొండచిలువల మీద చేసిన ఒక పరిశోధన 2005లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. పెద్ద ముద్ద మింగిన రెండు రోజుల్లో ఆ పాము గుండె కండ 40 శాతం పెరుగుతుంది. అరిగాక మళ్ళీ మామూలు సైజుకి వచ్చేస్తుంది. ఎప్పుడో దొరికే తిండి కోసం పుట్టిన ఒళ్ళు అది.

“కంగారు పడకమ్మా. వారానికోసారి తూచి రాసుకో” అన్నాను. ఒంటి బరువులో పదో వంతుకి మించి తగ్గినా, నోట్లో జిగురు, బుడగలు కనిపించినా అప్పుడు పాముల సంగతి తెలిసిన వెటర్నరీ డాక్టరు దగ్గరికి పోవాలి. గుడ్డులోంచి బయటపడి ఎన్నాళ్ళూ కాని పిల్లపామైతే అంత ఓపిక పట్టకూడదు.

ఆవఘాటు, పాము వేట

అసలు తిండిని పాము ఎలా గుర్తుపడుతుంది? ఇది తెలిస్తే గడ్డకట్టిన ఎలుక కథ సగం తేలినట్టే.

నందిగామ, జగ్గయ్యపేట వైపు మిరప కోతలకు వెళ్ళిన వాళ్ళకు సాయంత్రం చేతులు ఎలా భగభగమంటాయో వేరే చెప్పక్కర్లేదు. కాయ చల్లగానే ఉంటుంది, మంట మాత్రం నిప్పు తగిలినట్టే. ఎందుకో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త 1997లో తేల్చాడు. మిరపలోని కాప్సైసిన్ అంటుకునే గ్రాహకమూ, ఒంటికి వేడి తెలిపే గ్రాహకమూ ఒకటే. 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ పంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకడు. 2010లో ఆయన బృందమే పాముల వైపు తిరిగింది. కొండచిలువల పెదవుల వెంట వరసగా చిన్న గుంటలుంటాయి. అమెరికా గిలకపాముకి కంటికీ ముక్కుకీ మధ్య గుంట ఉంటుంది. ఆ గుంటల్లోని నరాలకు చీకట్లో కూడా ఎలుక ఒంటి వేడి తగులుతుంది. ఏ గ్రాహకంతో అని వెతికితే, మనకు ఆవపిండి ఘాటు ముక్కుకెక్కించే టీఆర్‌పీఏ1 దొరికింది. ఆవకాయ కలిపేటప్పుడు మన కళ్ళలో నీళ్ళు తెప్పించేది పాము దగ్గర వేట పరికరమైంది.

మన తాచుకీ, జెర్రిపోతుకీ, కట్లపాముకీ, రక్తపింజరికీ ఈ గుంటలు లేవు. వాటికి వాసన, కదలిక, నేల అదురు, చూపు చాలు. వాసన మాత్రం అన్ని పాములకూ ముఖ్యం. ఆ చీలిన నాలుక ఊరికే ఆడించేది కాదు. గాల్లోంచి, నేల మీద నుంచి వాసన రేణువుల్ని పట్టుకుని నోటి పైకప్పులో ఉన్న జాకబ్సన్ అవయవానికి చేరవేస్తుంది. ఎలుక ఎటు పోయిందీ, ఎంతసేపటి క్రితం పోయిందీ అక్కడే తేలుతుంది.

ఇప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసి గట్టు మీద పెట్టిన ఎలుక సంగతి ఆలోచించండి. కదలదు. గది ఎంత వేడో అదీ అంతే. వాసన సగం మంచులో చచ్చింది. బుజ్జి దృష్టిలో అది ఎలుకే కాదు, పెట్టెలో పడున్న ఒక గులకరాయి. పొగరుతోనో, అలిగో తినడం మానలేదు. అక్కడ తిండి ఉందనే దానికి తెలియలేదు. చల్లటి ఎలుక దానికి ఆనదు.

ముందు పెట్టె, తర్వాత ఎలుక

చాలామంది చేసే పొరపాటు నేరుగా ఎలుక దగ్గర మొదలెట్టడం. నన్నడిగితే ముందు చూడాల్సింది పాము ఉన్న పెట్టెని. ఒళ్ళు వెచ్చగా లేని పాము తినదు, తిన్నా అరగదు. బాల్ పైథాన్‌కి ఒక వైపు 31, 32 డిగ్రీల వేడి, రెండో వైపు 26 దరిదాపుల్లో చల్లదనం, దాక్కోవడానికి రెండు చోట్లా ఇరుకైన చీకటి గూళ్ళు కావాలి. ఒళ్ళు గోడలకు ఒరుసుకుంటేనే దానికి ధైర్యం. మా పిల్ల వీడియోలో చూపించిన పెట్టె నాలుగు వైపులా అద్దం, లోపల రంగురంగుల దీపం, పక్కనే టీవీ. కొత్తింటికొచ్చిన పాముని బంధువులొచ్చినప్పుడల్లా బయటికి తీసి మెళ్ళో వేసుకుని ఫొటోలు కూడానూ. ఇంక తింటుందా!

కొత్తగా తెచ్చిన పాముని వారం, పది రోజులు ముట్టుకోకూడదు. కళ్ళు పాలపొర కమ్మినట్టు మసగ్గా ఉంటే కుబుసం విడిచే ముందు దశలో ఉందని అర్థం. అప్పుడు తినదు, పెట్టకూడదు కూడా. కుబుసం వదిలాక చూసుకోవచ్చు.

పెట్టె కుదిరాక ఎలుక. ముందు రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్జు కింది అరలో పెట్టాలి. మర్నాడు చీకటి పడ్డాక, కవరు విప్పకుండానే చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళలో ఉంచాలి. పొట్ట మెల్లగా నొక్కి చూడాలి. లోపల గట్టిగా, చల్లగా తగిలితే ఇంకా కరగలేదు. అలాంటిది మింగిన పాము కక్కేసే ప్రమాదం ఉంది, కక్కిన పాము కోలుకోవడానికి వారాలు పడుతుంది. మైక్రోవేవ్ మాట ఎత్తొద్దు. ఒక పక్క ఉడికిపోతుంది, ఇంకో పక్క మంచుగడ్డ అలాగే ఉంటుంది, పొట్ట పగిలితే ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ అన్నం తినరు. మరిగే నీళ్ళూ వద్దు, తోలు ఊడొస్తుంది.

పాము ముందుకు పెట్టే వేళకి ఎలుక పైన 37, 38 డిగ్రీలు ఉండాలి. బతికున్న ఎలుక ఒంటి వేడి అంతే. తల దగ్గర ఇంకాస్త ఎక్కువుంటే మంచిది, ఎందుకంటే కొండచిలువ గురి తల మీదే. ఆఖరి నిమిషంలో తలను మళ్ళీ వేడి నీళ్ళలో ముంచి తుడవొచ్చు, లేదా హెయిర్ డ్రయ్యర్ పట్టొచ్చు. ఎవరి డ్రయ్యర్ వాడారో నేనడగలేదు గానీ మా వదిన ఆ వారమే కొత్తది కొనుక్కుందట.

ఎలుకను వేళ్ళతో పట్టుకోకూడదు. వేడిగా ఉన్న చెయ్యి కూడా ఆ గుంటలకు ఎలుక లాగే తగులుతుంది. పొడుగాటి పటకారుతో నడుం దగ్గర పట్టి, గదిలో దీపాలు తగ్గించి, పాము దాక్కున్న గూటి వాకిట్లో కొద్దిగా కదిలించాలి. రెండడుగులు నడిచి ఆగిన ఎలుక ఎలా ఉంటుందో అలా. మూతి మీద పొడిస్తే అది తిండి అనుకోదు, శత్రువనుకుంటుంది. నాలుక చకచకా ఆడిస్తూ, మెడ మెల్లగా ‘ఎస్’ ఆకారంలోకి మడిస్తే ఊపిరి బిగబట్టి అలాగే ఉండాలి. పట్టి చుట్టేశాక దూరం జరగాలి. చచ్చిన ఎలుకనే అయినా చుట్టి నలుపుతుంది, పాత అలవాటు. తిన్నాక రెండు రోజులు ఎత్తుకోకూడదు.

సైజు గురించి ఒక మాట. పాము ఒళ్ళు ఎక్కడ ఎక్కువ లావుంటే ఎలుక అంత లావు చాలు. పిల్లపాముకి వారానికొకటి, ఎదిగినదానికి రెండు నుంచి నాలుగు వారాలకొకటి. మన తల్లుల్లా కొసరి కొసరి పెట్టేవాళ్ళ చేతిలో పాములు కొవ్వెక్కి పోతాయి.

ఇంతా చేసి తినకపోతే? ఎలుకను గూటి ముందు వదిలి, పెట్టె మీద గుడ్డ కప్పి, తెల్లారి చూడాలి. అప్పటికీ ముట్టకపోతే పారెయ్యాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఐదారు రోజుల దాకా ఇంకో ప్రయత్నం వద్దు. మా పిల్ల ఓడింది ఇక్కడే. ఒకే రాత్రి వేడి నీళ్ళు, డ్రయ్యర్, కొత్త పెట్టె, ఎలుక బదులు చుంచు, అన్నీ ప్రయోగించింది. ఏది పనిచేసిందో, ఏది బెదరగొట్టిందో ఎవరికి తెలుస్తుంది? వారానికి ఒక్క మార్పు. నా దృష్టిలో కిటుకులన్నిటికన్నా ఇదే ముఖ్యం.

కిటుకులు లేవని కాదు. బతికున్నవి తిని పెరిగిన పాముని మూడు మెట్లలో దించుతారు. మొదట బతికున్నది, తర్వాత అప్పుడే చంపినది, ఆ తర్వాత గడ్డకట్టి కరిగినది. కరిగిన ఎలుకను బతికున్న ఎలుకల గూట్లోని పొట్టులో దొర్లించి వాసన పట్టిస్తారు. తలకి చిన్న గాటు పెట్టి లోపలి వాసన బయటికి రానిస్తారు. చదవడానికి బాగుండదు గానీ మొండి పాములు దీనికి లొంగుతాయి. కప్పల్ని తినే అమెరికా హాగ్‌నోస్ పాముకి ఎలుక తిండే కాదు. అందుకని ఎలుకకు కప్ప వాసనో, డబ్బా ట్యూనా చేప నీళ్ళో పూసి ఇస్తారు, క్రమంగా పూత తగ్గిస్తారు.

ఈ విద్యలో పెద్ద పరీక్ష మన తూర్పు కనుమల్లో కూడా ఉండే గిరినాగుది. అది ముఖ్యంగా పాముల్నే తింటుంది. బందీగా పెంచేచోట రోజూ పాముల్ని ఎక్కడ తెస్తారు? ఎలుకకు పాము వాసన రుద్ది అలవాటు చేస్తారు. పన్నెండడుగుల నాగరాజుని కూడా ముక్కు పట్టుకుని నడిపించొచ్చన్నమాట.

బుజ్జి మటుకు పెట్టెకి మూడు వైపులా నల్ల కాగితం అంటించి, ఫొటోలు మానేశాక, వేడి తల ఎలుకకే ఒప్పుకుంది. వాసన పూతల దాకా వెళ్ళనే లేదు.

“మన చేల్లో ఉన్నయ్యిగా?”

బతికున్న ఎలుకనే పడేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అంటారు. అడవిలో పాముకి వెనక్కి తగ్గే చోటుంది, పెట్టెలో లేదు. ఆకలి లేని పాము దగ్గర రాత్రంతా వదిలిన ఎలుక దాని వీపుని వెన్నెముక కనిపించేదాకా కొరుక్కుతిన్న కేసులు పశువైద్యులకు కొత్త కాదు. కళ్ళు పోయిన పాములున్నాయి. ఇక ఎలుక వైపు నుంచి చూసినా, తప్పించుకునే దారి లేని పెట్టెలో అది పడే భయం ఎవరికి అవసరం? ఫ్రీజర్ ఎలుకల్ని కార్బన్ డయాక్సైడ్‌తో మత్తెక్కించి చంపి, సైజుల వారీగా ప్యాక్ చేస్తారు.

పెద్దమ్మ ప్రశ్న వేరు. “డాలర్లు పోసి ఎలకల్ని కొనడమేంట్రా? మన చేల్లో కోకొల్లలుగా ఉన్నయ్యిగా!” కృష్ణా డెల్టాలో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టడం యానాదుల వృత్తి, దానికి రైతులు డబ్బులిస్తారు. అయినా పెంపుడు పాముకి పొలం ఎలుక పనికిరాదు. అది ఏ గట్టున జింక్ ఫాస్ఫైడ్ తిన్నదో, ఏ కొట్లో బ్రోమోడయోలోన్ ముక్క కొరికిందో చెప్పలేం. ఒంట్లో పురుగులుంటాయి. పట్టుకున్నవాడికి ఎలుక జ్వరం అంటుకునే ముప్పు ఉండనే ఉంది.

కొన్న ఎలుకలు కూడా పరమ శుభ్రమని కాదు. ఫ్రీజర్ చలికి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు. పాముల కోసం అమ్మిన గడ్డకట్టిన ఎలుకల వల్ల అమెరికాలో 2010లో, మళ్ళీ 2014లో మనుషులకు ఆ జబ్బు సోకింది. కాబట్టి గోంగూర పచ్చడి విషయంలో మా పెద్దమ్మదే న్యాయం. ఎలుకలకు వేరే ఫ్రీజర్, వేరే గిన్నె, వేరే పటకారు ఉండాలి. వంటింటి సింకులో కరిగించకూడదు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ మాటే అన్నయ్యకి చెప్పాను. గ్యారేజీలో చిన్న ఫ్రీజర్ వచ్చింది.

ఇక్కడ పెంచొచ్చా?

ఈ కథ విని మా ఊరి కుర్రాడొకడు నేనూ ఒకటి పెంచుతానన్నాడు. మన పాముల్నైతే వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తాచుని, జెర్రిపోతుని, కొండచిలువని పట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం. కొండచిలువ లాంటి ఒకటో షెడ్యూలు జీవి అయితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకు లెక్క వేరు. అవి అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం అలాంటి జీవిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. అది చచ్చినా, పిల్లల్ని పెట్టినా, చేతులు మారినా తెలపాలి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో కుక్కి తెస్తున్న బాల్ పైథాన్లు చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పట్టుబడుతూనే ఉన్నాయి. వాటిని కొనడమంటే ఆ సూట్‌కేసుకి డబ్బు కట్టడమే. మోజు తీరాక బయట వదిలెయ్యడం ఇంకా ఘోరం. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో జనం వదిలిన, తప్పించుకున్న బర్మా కొండచిలువలు లెక్కకందనంత పెరిగి అక్కడి చిన్న జంతువుల్ని ఊడ్చేశాయి.

మనకు పాముని తెచ్చి పెంచాల్సిన అవసరమూ లేదు, అది మన మధ్యే ఉంది. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్, విజయవాడ రహదారినే ఆపేసింది. 2024 సెప్టెంబరులో మళ్ళీ వరద. కలుగుల్లోకి నీరొస్తే ఎలుక ఇంటి వైపు పరిగెడుతుంది, దాని వెనకే పాము. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైతే మోపిదేవి ఆలయంలో సర్పశాంతి హోమం చేశారు. హోమం ఎవరి నమ్మకం వాళ్ళది. గడ్డివాము ఇంటికి దూరంగా ఉండటం, ధాన్యం బస్తాలు ఎలుకలకు అందకుండా సర్దడం, రాత్రి టార్చిలైటు లేకుండా గట్టు మీదికి పోకపోవడం మాత్రం అందరికీ పనిచేసేవే. దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో పోయారని 2020లో వచ్చిన పరిశోధన లెక్క. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కాటు పడితే కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, మంత్రగాడి దగ్గరికి పోవద్దు. 108కి ఫోన్ చేసి యాంటీవీనం ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేరాలి. పాము ఇంట్లో కనబడితే కొట్టకుండా అటవీ శాఖకు కబురు చెయ్యాలి.

ఇక పుట్టలో పోసే పాల సంగతి. వాసన, వేడి, కదలిక మూడూ సరిపడితే తప్ప ఎలుకనే నోట పెట్టని జీవికి పాలలో తిండి ఎక్కడ కనబడుతుంది? అరిగించుకునే ఏర్పాటూ దానికి లేదు. బుట్టలో పాము పాలు తాగిందంటే పాములవాడు చవితి ముందు దానికి రోజుల తరబడి నీళ్ళు పెట్టలేదని అర్థం. దప్పికకు ఏది పెట్టినా తాగుతుంది, ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థలు పండగల ముందు మొత్తుకునేది ఇందుకే.

కార్తీకంలో నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్ళండి. పసుపు కుంకుమలు చల్లండి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టి పిల్లలకు పంచండి. ఆ పాలు కూడా పిల్లలకే తాగించండి. పుట్ట పక్క గట్టు మీద ఎలుకల మందు మాత్రం పెట్టకండి.